మా అయిదు ముక్కుల స్కీము

ఆ రోజుల్లో భయపడటానికి నాకు కారణం అక్కర్లేదు. ఉంటే సరే, లేకపోతే నేనే వెతికి తెచ్చుకునేదాన్ని. బస్సు ఆలస్యమైతే దారిలో ఏదో జరిగిందని భయం, టైముకే వస్తే నేనెక్కాల్సిన బస్సు ఇది కాదేమోనని భయం. మా అన్నయ్య నాకు 'గాభరా' అని పేరు పెట్టి, గుమ్మంలో నా చెప్పుల చప్పుడు వినిపించగానే "గాభరా వచ్చింది, అన్నం పెట్టు" అని వదినకు కేకేసేవాడు. ఇన్నేళ్లకు వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ భయాల్లో చాలామటుకు ఉత్తుత్తివే. కానీ అరవై తొమ్మిది ప్రాంతాల్లో నారాయణగూడలో నేను పడ్డ భయం మాత్రం నిఖార్సైనది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముందు భయమే వేసి, ఆ తర్వాతే నవ్వొస్తుంది.

అప్పటికి నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి, గుడివాడ నుంచి అశోక్‌నగర్‌లోని అన్నయ్య ఇంటికి వచ్చి, ఒక పరిశోధన స్కీములో కుదురుకున్నాను. కుదురుకున్నాను అనడం కొంచెం పెద్ద మాటే. ఆ స్కీము ఢిల్లీ నుంచి వచ్చే ప్రభుత్వ సొమ్ముతో నడిచేది. ఊళ్లో జనం వాడే బావుల నీళ్లు తెచ్చి, వాటిలో ఏమేం కలిశాయో తేల్చడం మా పని. ఢిల్లీవాళ్లు దయతలిస్తే పొడిగింపు, లేకపోతే మూత. మా ల్యాబు నారాయణగూడలో ఒక సందులో కిరాయికి తీసుకున్న పాత ఇంట్లో ఉండేది. వంటింట్లో త్రాసు, పడగ్గదిలో డిస్టిల్డ్ వాటర్ తీసే యంత్రం, దేవుడి గూట్లో ఆసిడ్ సీసాలు (ఇంటాయన ఎప్పుడైనా లోపలికి వచ్చి చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవాడు). మా పెద్దసారును మేము చాటుగా 'బ్యూరెట్టు గారు' అనేవాళ్లం. బ్యూరెట్టంటే చుక్క చుక్కగా ద్రావకం వదిలే పొడుగాటి సన్నటి గాజుగొట్టం. ఆయనా అంతే సన్నం, అంతే పొడుగు. మాటలు కూడా చుక్క చుక్కగానే వదిలేవారు. ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య మనం వెళ్లి కాఫీ తాగి రావచ్చు.

ఆ ఏడాది ఊరు ఊరులా లేదు. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఊరేగింపులు, బందులు, కాలేజీలకు తాళాలు. 'మీరు', 'మేము' అనే చిన్న మాటలు ఒక్కసారిగా బరువెక్కాయి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మా వీధివాళ్లు సాయంత్రమయ్యేసరికి అరుగుల మీద చేరి, ఉండాలా, పోవాలా అని గొంతులు తగ్గించి మాట్లాడుకునేవారు. గుడివాడ నుంచి నాన్న, స్కీము మూతపడ్డ మర్నాడే బయల్దేరి రమ్మని కబురు పెట్టారు. అక్కడ నాకు టీచరు ట్రైనింగులో సీటు మాట్లాడి ఉంచారు. పిల్లలకు పాఠాలు చెప్పడం చెడ్డ పనని నేననను. కానీ నాకు ల్యాబు కావాలి. ఆ గాజు సీసాల మధ్య నిలబడితే తప్ప నా చేతుల వణుకు ఆగేది కాదు. ఇంట్లో గ్లాసు పట్టుకుంటే కింద పడేసేదాన్ని, ల్యాబులో ఒక్క పిపెట్టు పగలగొట్టలేదు. అందుకని స్కీము ఆగిపోతుందన్న ఆలోచన వస్తే నాకు రాత్రి ముద్ద దిగేది కాదు.

ఇక ముక్కుల సంగతి. నీళ్లలో ఉప్పెంతో సున్నమెంతో చెప్పడానికి మా దగ్గర ద్రావకాలున్నాయి. కానీ నీళ్లకు వాసనుందా, ఉంటే ఎంత ఘాటుగా ఉందీ చెప్పే యంత్రం మా దగ్గరే కాదు, మేమెరిగిన ఏ ల్యాబులోనూ లేదు. దానికి మనిషి ముక్కే పరికరమని పద్ధతుల పుస్తకంలో రాసి ఉంది. పద్ధతి సులువే. వాసనున్న నీళ్లను మంచినీళ్లతో కొద్దికొద్దిగా పలచన చేసుకుంటూ వరసగా ఫ్లాస్కుల్లో పోయాలి. గోరువెచ్చగా కాచి, ఒక్కొక్కటే మూత తీసి వాసన చూపించాలి. ఎంత పలచన చేసేదాకా వాసన తెలుస్తుందో అదే కొలత. మధ్యమధ్యలో బొగ్గుపొడి గుండా వడగట్టిన, బొత్తిగా వాసన లేని నీళ్ల ఫ్లాస్కులు కూడా పెట్టాలి. లేని వాసన ఉందనేవాళ్లను పట్టుకోవడానికి అవి. ఏ ఫ్లాస్కులో ఏముందో చూసేవాళ్లకు తెలియకూడదు. కనీసం అయిదుగురుండాలి. వాళ్లు పొగ తాగకూడదు, నశ్యం పీల్చకూడదు, జర్దా నమలకూడదు, పరీక్షకు గంట ముందు నుంచీ కాఫీ టీలు ముట్టకూడదు, ఒంటికి అత్తరూ తలకు వాసన నూనే ఉండకూడదు.

హైదరాబాదులో అలాంటి మగవాడు దొరుకుతాడా? మా టైపిస్టు నోట్లో ఎప్పుడూ కిళ్లీ. మాతో పనిచేసే పరిశోధక విద్యార్థి ఇరానీ హోటల్ టీతోనూ సిగరెట్టుతోనూ బతికేవాడు. ఫ్లాస్కులు కడిగే మా పాలమూరన్న (మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాడు కాబట్టి ఆ పేరు) బీడీల మనిషి. బ్యూరెట్టు గారైనా పనికొస్తారని ఆశపడ్డాం గానీ, ఆయన వంటింట్లో త్రాసు వెనక నిలబడి నశ్యం పీలుస్తుండగా నేనే చూశాను. ఆయన నన్ను చూసి, రుమాలు తీసి, ముక్కు తుడుచుకుని, చాలాసేపటికి "ఆడవాళ్లను... అడుగు" అన్నారు.

అలా ముక్కుల వేట మా వీధిలో మొదలైంది. ముందు మా వదిన. ఆ తర్వాత మా ఇంటి ఓనరు గారి తల్లి, మామ్మగారు. పక్కింట్లో ఉండే అక్కాచెల్లెళ్లు టీచరమ్మలిద్దరు, ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తిచేస్తారు కాబట్టి వీధంతా వాళ్లను ఒక్కరికిందే లెక్కగట్టేది. అయిదో ముక్కు చిక్కడపల్లిలో మాకు జాకెట్లు కుట్టే కుట్టుమిషనక్క. ఆమె తాత ముత్తాతల నాటి నుంచీ ఈ ఊరిదే. "ఏంది చెల్లె, నీళ్లకు ముక్కుతోని పరీక్షనా? గవర్నమెంటోళ్లకు వేరే పనే లేకపాయెనా?" అని పకపకా నవ్వి, మిషను మీద గుడ్డ కప్పి, అప్పటికప్పుడే బయల్దేరింది.

తీరా అందరూ ఒప్పుకున్నాక పూల దగ్గర పేచీ వచ్చింది. తల్లో మల్లెపూలుంటే పరీక్ష సాగదని నేను నసుగుతూ చెప్పేసరికి వదిన మొహం మాడిపోయింది. "పుణ్యస్త్రీని పట్టుకుని తల్లో పూలు తీయమంటావుటే? మీ అన్నయ్య చల్లగా ఉండటం నీకిష్టం లేదా?" అంది. అన్నయ్య పక్కనే కూర్చుని పేపరు చదువుతూ చల్లగానే ఉన్నాడు. చివరికి మామ్మగారే మార్గం చెప్పారు. పూలు తీసేశామని అనుకోకుండా, తడిగుడ్డలో చుట్టి పెరట్లో తులసికోట మీద పెట్టడం, పరీక్ష కాగానే బొట్టు పెట్టించుకుని మళ్లీ తురుముకోవడం, ఆ పైన కాఫీ. దాంతో మా ల్యాబులో ప్రతి పరీక్షా పేరంటంలా ముగిసేది. ప్రభుత్వ పరిశోధన ఖాతాలో కుంకుమ కొన్నది బహుశా మేమే.

మామ్మగారికి తన బాధ తనకుంది. ఆవిడకు మడి. "ఆఘ్రాణించడం అర్ధభోజనం అన్నారు. ఎవరి బావి నీళ్లో ఏమో, ఇన్ని సీసాలు వాసన చూస్తే ఎన్ని బిందెలు తాగినట్టో" అని ఆవిడ గొణుగుడు. అయినా మానకుండా వచ్చేవారు. వచ్చి, వాసన చూసి, ఇంటికెళ్లి తలారా స్నానం చేసేవారు. నా మీద ప్రేమో, సందులో రిక్షా ఎక్కి తిరిగే సరదాయో నేనడగలేదు.

ఆ ముక్కులు మాత్రం ముక్కులంటే ముక్కులు. ట్యాంక్‌బండ్ కింది వైపు ఒక బావి నుంచి తెచ్చిన నీళ్లుండేవి. పుస్తకంలో 'మట్టివాసన', 'బూజువాసన' అంటూ ఏవో నాలుగు మాటలు రాసిచ్చారు గానీ మావాళ్లకు అవేం చాలుతాయి? "తడిసిన గోనెసంచి" అనేవారు మామ్మగారు. "కాదు, మూత పెట్టి మరిచిపోయిన..." అని పెద్ద టీచరమ్మ అంటే, "...టిఫిను క్యారేజీ" అని చిన్న టీచరమ్మ అందుకునేది. కుట్టుమిషనక్క మళ్లీ ఒకసారి పీల్చి, "నానబెట్టిన బట్టలు పిండుడు మరిచిపోతే వస్తది సూడు, గట్లుంది" అని తేల్చేది. పేర్లలో ఎంత కొట్లాడుకున్నా వాసన ఉందా లేదా అన్న దగ్గర మాత్రం అయిదుగురూ దాదాపు ఒక్క ఫ్లాస్కు దగ్గరే ఆగేవారు. వాసన లేని ఫ్లాస్కులిచ్చి మోసం చేయాలని చూస్తే, "ఇందులో ఏమీ లేదు, ఇంకోటి పట్రా" అని విసుక్కునేవారు. బయట గొడవలు ఎక్కువైన రోజున మామ్మగారు బిక్కుబిక్కుమంటుంటే, కుట్టుమిషనక్క తనే వెంటవచ్చి అశోక్‌నగర్ దాకా దిగబెట్టి పోయేది. దారి పొడుగునా ఇద్దరూ గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ వేయాలా వద్దా అని వాదించుకునేవారు. నాకు ఆ కొద్ది నెలలూ భయపడటానికి తీరిక కూడా దొరకలేదు.

అంత సుఖం నిలుస్తుందా? ఢిల్లీ నుంచి నిపుణుడొకాయన వస్తున్నారని, స్కీము పొడిగించాలో వద్దో ఆయనే తేలుస్తారని తెలిసింది. అన్నిటికన్నా ముందు ఆయన చూస్తానన్నది ముక్కుల పరీక్ష. "ఆడవాళ్లను కూర్చోబెట్టి వాసనలు చూపిస్తే అది పరిశోధనా అని అక్కడెవరో నవ్వారట" అని టైపిస్టు నా చెవిలో వేశాడు. అంతే, నా పాత జబ్బు తిరగబెట్టింది. ఫ్లాస్కులు పగిలినట్టు, నీళ్లు ఒలికినట్టు, ఆ నీళ్లన్నీ ఢిల్లీ ఆయన బూట్లలోకి పోయినట్టు పట్టపగలే కళ్లముందు కనపడేది.

ముందురోజు సాయంత్రం చారన్నం ముందు కూర్చుని ఏడ్చేశాను. వదిన పక్కన కూర్చుంది.

"రేపు గనక పరీక్ష చెడితే అంతే వదినా. స్కీము మూసేస్తారు. నేను గుడివాడ వెళ్లిపోవాలి."

"చెడకుండా ఉండాలంటే మేమేం చెప్పాలి?"

"అది నేను చెప్పకూడదు. చెబితే పరీక్ష చెల్లదు."

వదిన నా కళ్లు తన కొంగుతో తుడిచింది. "నువ్వు చెప్పకులే. ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో నాకు తెలియదా? మా నాన్నది బడిపంతులు ఉద్యోగం. లేచి అన్నం తిను" అంది. కాసేపటికి చేతిలో గిన్నె పట్టుకుని మామ్మగారి వాటాలోకి, అటు నుంచి టీచరమ్మల ఇంటికి వెళ్లి, ఆ తర్వాత చిక్కడపల్లి వైపు కూడా వెళ్లొచ్చింది. పెరుగు తోడు కోసమనుకున్నాను. పెరుగు తోడుకు చిక్కడపల్లి దాకా ఎందుకన్న ఆలోచన నాకు రాలేదు. రేపటి భయంలో పడి ఎదురుగా ఉన్నది కనపడకపోవడం నాకు అలవాటే.

మర్నాడు ల్యాబు చుట్టుపక్కల ఏ వాసనా రాకుండా చూసే పని పాలమూరన్నకు అప్పగించాం. సందు మొదట్లో మిరపకాయ బజ్జీల బండి, దాని పక్కనే అల్లం చాయ్ హోటలు. అతను పోయి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు (బీడీ వాసనని లోపలికి రానివ్వలేదు పాపం). "బండాయనకు చెప్పిన మేడం. ఢిల్లీ సారు పోయేదాంక నూనె పెట్టనన్నడు. చాయాయనే చెప్తె ఇంటలేడు. పొద్దుగాల వెలిగించిన పొయ్యి ఆర్పితే గిరాకి పోతదంటున్నడు" అన్నాడు. గాలి అటు నుంచి ఇటు వీస్తోందా, ఇటు నుంచి అటు వీస్తోందా అని నేను వాకిట్లో కొంగు ఎగరేసి చూసుకుంటుండగానే ఢిల్లీ ఆయన దిగారు. తెల్లటి జుట్టు, నెమ్మదైన మనిషి. ఆయన నెమ్మది చూసి నాకు ఇంకా భయమేసింది. అరిచేవాళ్లయితే అరిచి ఊరుకుంటారు కదా.

పడగ్గది తలుపులు మూశాం. అయిదుగురూ తలారా స్నానాలు చేసి, పూలు తులసికోట మీద పెట్టి, ముతక చీరల్లో వరసగా కూర్చున్నారు. నీళ్ల రంగు తెలియకుండా ఫ్లాస్కులకు నీలం కాగితం చుట్టాను. అవే ట్యాంక్‌బండ్ కింది బావి నీళ్లు. పలచనివాటితో మొదలుపెట్టాను. "ఏం లేదు" అన్నారు అయిదుగురూ. సరే, పలచనే కదా. తర్వాతిది. "ఏం లేదు." ఎప్పుడూ అందరూ ఆగే ఫ్లాస్కు వచ్చింది. "ఏం లేదు." జలుబులేమైనా చేశాయా అందరికీ? ఇంకా చిక్కటిది ఇచ్చాను. పెద్ద టీచరమ్మ "చాలా..." అంది, చిన్న టీచరమ్మ "...బాగుంది" అంది. ఆఖరికి చుక్క మంచినీళ్లు కూడా కలపని అసలు సరుకు తీసి మామ్మగారి చేతికిచ్చాను. మూత తీయగానే ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కుపుటాలు అదిరాయి. గొంతులో ఏదో పైకొచ్చినట్టయితే మింగుకున్నారు. మూత పెట్టి, ఢిల్లీ ఆయన వైపు తిరిగి, చేతులు జోడించి, "గంగ" అన్నారు.

కుట్టుమిషనక్క అదే ఫ్లాస్కు పీల్చి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, "తీర్థమే" అంది.

ఢిల్లీ ఆయన లేచి వచ్చి ఆ ఫ్లాస్కు తీసుకుని తనే వాసన చూశారు. రెండడుగులు వెనక్కి వేసి, కిటికీ తెరిచారు. బ్యూరెట్టు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఢిల్లీ ఆయన నా వైపు చూసి, వాళ్లకు పద్ధతి ఇంకోసారి వివరంగా చెప్పమని ఇంగ్లీషులో అన్నారు. నేను మావాళ్ల వైపు తిరిగి, "నీళ్లు బాగుంటే నాకు మేలనుకుంటున్నారేమో, అదేం కాదు. వాసన ఉంటే పట్టుకోవడానికే కదా మేమున్నది. దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అన్నాను. వదిన తలూపింది. మామ్మగారు వదిన వైపు చూసి తలూపారు. టీచరమ్మలిద్దరూ ఒకేసారి తలూపారు. వాళ్లు నా మాటల్లో మొదటి సగమే విన్నారని నాకప్పుడు తెలియలేదు.

ఢిల్లీ ఆయనే స్వయంగా ఫ్లాస్కుల వరస మార్చి ఇచ్చారు. మొదటిది బొగ్గుపొడిలో వడగట్టిన, వాసన సున్నా అయిన నీళ్లు. అది వదిన చేతిలోకి వెళ్లింది. వదిన ఇలా మూత తీసి అలా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "అమ్మో, కంపు" అంది. మామ్మగారు ఆ మంచినీళ్ల ఫ్లాస్కును చేయి చాపి దూరంగా పట్టుకుని, "ఈ పాపపు నీళ్లు ఎక్కడివే తల్లీ" అన్నారు. టీచరమ్మలు "కడుపులో..." "...తిప్పుతోంది" అన్నారు. కుట్టుమిషనక్క ఇంకో అడుగు ముందుకేసి, "మోరీ నీళ్లున్నట్టున్నయి" అని మురిక్కాలవలోకే దింపింది. అప్పటి నుంచి ఏ ఫ్లాస్కు ఇచ్చినా ఒకటే కంపు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. గుడివాడ బస్సు ఎన్నింటికో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను.

ఢిల్లీ ఆయన చేతిలోని పెన్ను మూత పెట్టేశారు. నన్ను పక్కకు పిలిచి, వీళ్లెందుకిలా చెబుతున్నారో అడగమన్నారు. నేను నోరు తెరిచేలోపు కుట్టుమిషనక్క లేచి నిలబడింది. ఈ ఊళ్లో పుట్టినామె కదా, ఉర్దూ నీళ్లలా మాట్లాడుతుంది. ఢిల్లీ ఆయనకు నా దుబాసీ పనితో అవసరమే లేకపోయింది. ఆమె అన్నదాని సారాంశం ఇది: "సాబ్, ఈ పిల్ల రాత్రి అన్నం ముందర ఏడ్చిందట. దీని నౌకరి మా ముక్కుల మీదనే ఉన్నదని వీళ్ల వదిన చెప్పింది. వాసన రావాల్నంటే వస్తది, రావద్దంటే రాదు. మీకేది కావాల్నో జర మీరే చెప్పుండ్రి, అట్లనే చెప్తం. పిల్లను మాత్రం పంపకండ్రి."

అక్క మాట్లాడింది ఉర్దూలో అయినా, సగం మా మామ్మగారికి కూడా అర్థమైంది. ఆవిడ తలూపుతున్నారు. భూమి చీలి లోపలికి పోతే బాగుండునని నేననుకుంటున్నాను. ఆ భయంలోనే ఇంకో సంగతి కూడా తట్టింది. ఊరంతా మీరెవరు, మేమెవరు అని అడుగుతున్న ఏడాదిలో, చిక్కడపల్లి మనిషి ఒకామె గుడివాడ పిల్ల కోసం ఢిల్లీ సర్కారుతో బేరమాడుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఢిల్లీ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన భుజాలు అదురుతుంటే కోపమనుకున్నాను. కాదు, నవ్వు. ఎంత ఆపుకున్నా ఆగని నవ్వు. ఆ నవ్వు తగ్గాక బ్యూరెట్టు గారితో ఇంగ్లీషులో, "పరికరానికి తనను వాడే మనిషి మీద ప్రేమ ఉండకూడదండీ. ఉంటే అది కొలవదు" అన్నారు. అని, అంతకుముందు నెలల కొలతలన్నీ పట్టుకుని రమ్మని, ఆయనను వెంటబెట్టుకుని త్రాసున్న వంటింట్లోకి వెళ్లిపోయారు.

వాళ్లు లోపల ఎంతసేపున్నారో నాకు తెలియదు. పెరట్లో మావాళ్లు మాత్రం పెళ్లి పనులు ముగించినంత తృప్తిగా పూలు తురుముకుని, బొట్లు పెట్టుకుని కాఫీలు తాగుతున్నారు. పాలమూరన్న గేటు దగ్గర నుంచి, "ఏమాయె మేడం? బండాయన నూనె పెట్టాల్నా అని అడుగుతుండు" అన్నాడు. నేను ఊరికే చేయి ఊపాను. అతను దానికేం అర్థం చేసుకున్నాడో, ఇంకాసేపటికి సందంతా బజ్జీల వాసన గుప్పుమంది.

చివరికి బ్యూరెట్టు గారు బయటికొచ్చారు. ఢిల్లీ ఆయన అప్పటికే కారెక్కుతున్నారు. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. "స్కీము..." అన్నారు సారు. నా గుండె ఆగింది. "...ఉంటుంది." నేను ఊపిరి పీల్చుకోబోయాను. "నువ్వు కూడా..." మళ్లీ ఆగింది. "...ఉంటావు." ఆ పైన ఆయన పెరట్లో నవ్వుతున్న ఆడవాళ్ల వైపు చాలాసేపు చూశారు. "వాళ్లు... ఉండరు." వాళ్లకు సంగతి తెలియక ముందు తీసిన కొలతలు బాగా కుదిరాయని, అవి చూసే ఢిల్లీ ఆయన పొడిగింపు రాస్తానన్నారని, కానీ ఇక ముందు నన్ను బొత్తిగా ఎరగనివాళ్ల ముక్కులే వాడాలని షరతు పెట్టారని, ఈ మూడు ముక్కలూ చెప్పడానికి ఆయనకు అల్లం చాయ్ రెండుసార్లు తాగేంత సమయం పట్టింది.

ఆ మాట పెరట్లో చెప్పడం నా వంతయింది. ఉద్యోగం నిలిచిన ఆనందం నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "రేపటి నుంచి మీరు రానక్కర్లేదట" అనేశాను. కాఫీ గ్లాసులు ఎక్కడివక్కడే ఆగాయి.

"ఎందుకొద్దట? మా ముక్కులకేం వచ్చింది?" అన్నారు మామ్మగారు. "ఊరందరి బావులూ పీల్చి, పూటకో తలస్నానం చేసి, నా జుట్టు ఆరితే ఒట్టు. ఇప్పుడు పనికిరామా?"

"నేనంటే మీకు ఇష్టమని తెలిసిపోయింది మామ్మగారూ. అందుకని పనికిరారట."

"అదేం చోద్యమే" అన్నారావిడ, నిజంగానే అర్థం కాక.

వదిన గ్లాసు కింద పెట్టి లేచి నా దగ్గరికి వచ్చింది. "అవన్నీ ఉండనీ. నీ ఉద్యోగం ఉందా, పోయిందా? అది చెప్పు."

"ఉంది వదినా."

"మరింకేం. మా ముక్కులు చేయాల్సిన పని చేసినట్టే" అని, తన జడలోని దండలోంచి ఒక ముక్క తుంచి నా తల్లో పెట్టింది. కుట్టుమిషనక్క చెప్పులేసుకుంటూ, "నడువుండ్రి, బజ్జీలు తిందాం. పొద్దుటి సంది ఏం తిననీయలే ఈ పిల్ల" అంది. అందరూ సందులోకి నడిచారు. నేను తులసికోట పక్కన కూర్చుని కాసేపు ఏడ్చి, ఆ తర్వాత పోయి వాళ్లతో బజ్జీలు తిన్నాను.

ఆ తర్వాత నేను ఆ పనిలోనే తల నెరిపించుకున్నాను. కొత్త ముక్కులు కాలేజీ పిల్లలవి. వచ్చి, వాసన చూసి, ఉందో లేదో చెప్పి, పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయేవారు. అన్నం తిన్నావా అని ఒక్కరూ అడగలేదు, కొలతలు మాత్రం చక్కగా కుదిరేవి. ఇంకొన్నాళ్లకు యంత్రాలొచ్చాయి. అవి నిజం తప్ప ఇంకోటి చెప్పేవి కావు, ఎదుట నిలబడింది ఎవరో వాటికి తెలియదు కూడా. వాటి నిజం మీద నాకు గౌరవం ఉంది, దాంతోనే బతికాను. కానీ గోడకు ఆనుకుని గుడివాడ బస్సు టైము గుర్తుతెచ్చుకుంటున్న ఆ పిల్ల అప్పుడప్పుడు కళ్లముందు మెదులుతుంది. దగ్గరికి వెళ్లి గడ్డం పట్టుకుని, 'పిచ్చిదానా, నీ కోసం కంపును గంగ అన్నవాళ్లు అంతమంది గదిలో ఉండగా, దేనికే అంత భయపడ్డావు?' అని అడగాలనిపిస్తుంది.